నాలుగో మూల

మా అన్నయ్య అప్పన్న గొంతు ఎత్తితే హార్బరు రోడ్డు దాకా వినిపిస్తుందని మా పేటలో చెప్పుకుంటారు. ఓడలు కట్టే యార్డులో ముప్పై ఒక్క ఏళ్లుగా కళాసీల మేస్త్రీ. కళాసీలంటే బరువులెత్తే జట్టు. ఓడని ఒకే ముక్కగా కట్టరు. ఇళ్లంతేసి ఇనప బ్లాకులుగా కట్టి, ఒక్కొక్కదాన్నీ క్రేనుతో ఎత్తి, ఒకదాని పక్కన ఒకటి కూర్చి అతుకుతారు. క్రేను పైన ఒకడు, బ్లాకు నాలుగు మూలలా వైరు రోపులు చూసుకునేవాళ్లు నలుగురు, తాళ్లు పట్టి బ్లాకు తిరగకుండా చూసేవాళ్లు ముగ్గురు, అందరికీ మధ్యలో మా అన్నయ్య, ఆయన గొంతు. ఆ గొంతుకి పనిలేకుండా చేసే యంత్రాన్ని కనిపెట్టి, ఊళ్లో ఇంకెవరూ దొరకనట్టు, ముందుగా ఆయన దగ్గరికే పట్టుకెళ్లాను. నా పేరు నూకరత్నం. పేరుకి ముందు డాక్టరు అని రాస్తారు గానీ, ఈ కథలో అదేమీ పనికి రాలేదు.

యంత్రం గురించి చెప్పేముందు జట్టు ఆచారం ఒకటి చెప్పాలి. దాన్ని వాళ్లు పలుకు అంటారు. బరువు నేల వదిలే ముందు మేస్త్రీ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. తన మూల బాగుందనిపిస్తే "ఎత్తు" అనాలి. ఏ కొంచెం తేడా అనిపించినా "ఆగు" అనాలి. ఒక్కరు ఆగు అన్నా బరువు కదలదు. ఎందుకన్నావని ఎవరూ అరవకూడదు, విసుక్కోకూడదు. ఆ మూలకి మేస్త్రీయే స్వయంగా నడిచి వెళ్లి చూసి రావాలి. చూసొచ్చి మళ్లీ మొదటినుంచి పిలవాలి. ఇంకొకటి, పిలుపు ఎప్పుడూ జట్టులో అందరికన్నా కొత్తగా చేరినవాళ్లతోనే మొదలవుతుంది. మేస్త్రీ పేరు చివర. ఇది మా నాన్న కాలం నుంచీ ఉంది, ఏ కాగితం మీదా లేదు. చిన్నప్పుడు నాకది తమాషాగా ఉండేది. మా పెరట్లో నీళ్ల డ్రమ్ము జరపాలన్నా అన్నయ్య ముందు నన్నే పిలిచేవాడు. నేను "ఆగు" అని ఊరికే ఆపేసి నవ్వేదాన్ని. ఆయన నవ్వకుండా వచ్చి నా వైపు చూసి వెళ్లేవాడు.

నన్ను చదివించింది కూడా ఆయనే.

ఇక యంత్రం. దాని పేరు జట్టుపట్టీ. చేతి గడియారమంత ఉంటుంది, మణికట్టుకి కట్టుకోవాలి. మనిషికి ఏదైనా అనుమానం వస్తే అది నోటిదాకా రావడానికి చాలా ముందే ముంజేతి కండరాలు సన్నగా బిగుసుకుంటాయి, చర్మం చెమ్మగిల్లుతుంది, నాడి ఒక్క క్షణం తడబడుతుంది. పట్టీ ఆ మూడింటినీ పసిగట్టి, జట్టులో అందరి పట్టీలనీ ఒకేసారి బిగిస్తుంది. అనుమానం ఎవరిదో ఎవరికీ తెలియదు. అందరికీ ఒకేసారి తెలిసేది ఆగాలన్న సంగతి ఒక్కటే. పెద్దవాళ్ల ముందు నోరు మెదపలేక ఎన్ని తప్పులు జరిగిపోతున్నాయో నాకు బాగా తెలుసు. మా ప్రయోగశాల డైరెక్టరు సోమయాజులు గారి ముందు నేనే ఎన్నిసార్లు నోరు మూసుకున్నానో లెక్కలేదు. నోరు పెగలనివాళ్ల బదులు చెయ్యి మాట్లాడుతుంది కదా అన్నది నా ఆశ. ఆ ఆశ మీద మూడేళ్లు పనిచేశాను.

ప్రయోగశాలలో అది ముచ్చటగా పనిచేసింది. నలుగురికి కళ్లకు గంతలు కట్టి, నిండు నీళ్ల బిందె పెట్టిన బల్లని మూడు అంతస్తుల మెట్లు ఎక్కించాం. ఒక్క మాట లేదు. ఒక్క చుక్క ఒలకలేదు. సోమయాజులు గారు ఆ బిందెలో నీళ్లే గ్లాసుతో ముంచుకుని తాగి, ఇప్పుడు నిజమైన బరువుతో చేసి చూపించమన్నారు. నిజమైన బరువంటే నాకు తెలిసింది అన్నయ్య యార్డు ఒక్కటే.

అన్నయ్య పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటే రత్నా, ఇది మా బదులు మాటాడతాదా? మాకు పలుకుంది గదా."

పలుకు కన్నా ఇది ముందే చెబుతుందని, నోరు లేనివాళ్ల సంగతి కూడా చెబుతుందని గంటసేపు చెప్పాను. ఒప్పుకోలేదు. చివరికి, ఇది నా మూడేళ్ల పని అన్నయ్యా అన్నాను. ఇంకేమీ అడక్కుండా చెయ్యి చాపాడు.

మొదటి వారం గందరగోళమే. జట్టులో అందరికన్నా కొత్త సన్యాసమ్మ. భర్త అదే యార్డులో వెల్డరుగా చేస్తూ జబ్బుచేసి పోతే, ఆ ఉద్యోగం కింద చేరి నెల తిరగలేదు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు. బెరుకు మనిషేం కాదు గానీ, ప్రతిదాన్నీ రెండుసార్లు చూస్తుంది. ఆమెది నాలుగో మూల, సముద్రం వైపుది. మిగతావాళ్లు అలవాటుపడి వదిలేసే చప్పుళ్లన్నీ ఆమెకి కొత్తే. దాంతో రోజుకి పదకొండుసార్లు తొమ్మిది పట్టీలూ బిగిశాయి. ఎవరి అనుమానమో తెలియకూడదని నేను అంత జాగ్రత్తపడితే, ఎవరిదో రెండో రోజుకే అందరికీ తెలిసిపోయింది. క్రేను నడిపే గవర్రాజు పైనుంచి దిగి, చెయ్యి తిమ్మిరెక్కిపోతున్నాదమ్మా అని నాతో నవ్వుతూనే మొరపెట్టుకున్నాడు.

శనివారం పొద్దున్న యాజమాన్యం, కార్మిక సంఘం, మేము కూర్చున్నాం. యార్డు జనరల్ మేనేజరు పరాంకుశం గారు మర్యాదగానే, ఇలాగైతే ప్రయోగం ఆపేయాల్సి వస్తుందన్నారు. అప్పుడు సంఘం తరఫున వచ్చిన మా అన్నయ్యే ఒక దారి చెప్పాడు.

"ముప్పైయేళ్లోడి అనుమానం, మొన్నొచ్చినోళ్ల అనుమానం ఒకటేటి? సర్వీసుని బట్టి వొంతులెయ్యండి."

గదిలో అందరి మొహాలూ విచ్చుకున్నాయి. ఆ యార్డులో క్వార్టర్లు, సెలవులు, బట్టలు పెట్టుకునే అల్మారాలు, ఆఖరికి క్యాంటీనులో ఫ్యాను కింద కుర్చీ కూడా సీనియారిటీ జాబితా ప్రకారమే. సంఘం కొట్లాడి తెచ్చుకున్న జాబితా అది, దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అందులోకి రానిది పలుకు ఒక్కటే. కాగితం మీద లేదు కాబట్టి ఆ పూట ఎవరికీ గుర్తుకు రాలేదు. రోజూ పలుకు తీసే మనిషికే గుర్తుకు రాలేదు. చిన్నప్పటినుంచీ ముందుగా పిలిపించుకున్న నాకూ గుర్తుకు రాలేదు.

ప్రోగ్రాములో అది ఒక్క లైను. ఒక్కొక్కరి అనుమానాన్ని వాళ్ల సర్వీసుతో హెచ్చవేసి, మొత్తం సర్వీసులో పదో వంతు దాటితేనే పట్టీలు బిగియాలి. జట్టు సర్వీసు మొత్తం నూట నలభై ఏళ్లు. అన్నయ్య ఒక్కడు అనుమానపడితే చాలు, పట్టీలు బిగుస్తాయి. సన్యాసమ్మ ఎంత గట్టిగా అనుమానపడినా ఆ పదో వంతుకి కనుచూపు మేరలోకి కూడా రాదు. ఆ లైను రాయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. అందులో అయిదు నిమిషాలు టీ తాగాను.

దాంతోపాటు ఇంకో ఘనకార్యం చేశాను. కేకలు వేస్తే అందరి చేతులూ బిగుసుకుని లెక్క చెడుతోందని, లిఫ్టు, అంటే బరువు ఎత్తే పని, నడుస్తుండగా ఎవరూ అరవకూడదు, పట్టీని నమ్మండి అని పెద్ద అక్షరాలతో కాగితం రాసి గోడకి అంటించాను. పలుకు ఆ రోజుతో ఆగిపోయింది.

ఆ తర్వాత మూడు నెలలు నా జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ తిరగలేదు. నలభై నిమిషాల లిఫ్టు పన్నెండు నిమిషాలకి దిగింది. ఒకరోజు గవర్రాజుకి సముద్రం మీదనుంచి వచ్చే గాలి మీద అనుమానం వచ్చింది. ఆయనది పందొమ్మిదేళ్ల సర్వీసు. పట్టీలు బిగిశాయి, బ్లాకు ఆగింది, అరనిమిషం తర్వాత ఈదురుగాలి వచ్చి కొట్టింది. జట్టంతా నా వైపు చూసి నవ్వింది. వేరే యార్డులవాళ్లు బస్సులేసుకుని వచ్చి చూసిపోయారు. తొమ్మిదిమంది మనుషులు, నూరు టన్నుల ఇనుము, ఒక్క మాట లేదు. సముద్రం చప్పుడు మాత్రం వినపడేది. నేను ఒక పక్కన నిలబడి తెర మీద జట్టు గీత చూస్తూ ఉండేదాన్ని. ఒక్కొక్కరి గీత విడిగా కనపడకుండా నేనే దాచాను, ఎవరి అనుమానమూ బయటపడకూడదని.

ఇంటి దగ్గర సంగతి మా వదిన రమణమ్మ చెప్పేదాకా నాకు పట్టలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నెత్తళ్ల చేపల పులుసు తిందామని వెళ్లాను. అన్నయ్య కంచం ముందు కూర్చుని చెయ్యి ఆడించకుండా ఉన్నాడు. ఏం కావాలని వదిన రెండుసార్లు అడిగింది. పలకలేదు. ఉప్పు గిన్నె వైపు కూడా చూడలేదు. ఆవిడ విసుక్కుని ఉప్పు తెచ్చి ఎదురుగా పెట్టింది.

"సూడు, ఉప్పు తక్కువైనాదని నాకు తెలిసిపోవాల. నోటితో సెప్పడు. మీ అన్నకి ఏటి తొడిగినావో గానీ, మనిషిని పట్టుకెలిపోయినావమ్మా."

అన్నయ్య నవ్వాడు, అదీ చప్పుడు లేకుండా. జట్టులో మిగతా ఇళ్లలోనూ ఇదే వరస అని వదిన చెప్పింది. గవర్రాజు కూతురు తండ్రితో దెబ్బలాడి మూడు రోజులు మాట్లాడకపోతే ఆయనకి తెలియనే లేదట. నేను నవ్వేసి, అలవాటైపోతుందిలే వదినా అన్నాను. పులుసు బాగుందని చెప్పి వచ్చేశాను. నా మీద నాకు ఒళ్లు మండే సందర్భాల్లో అదొకటి.

ఆ వారం గురువారం పొద్దున్న పదింటికి నూట ఇరవై టన్నుల బ్లాకు ఎత్తారు. ఆ ఒక్క లిఫ్టుతో ప్రయోగం పూర్తి, పట్టీ అన్ని యార్డులకీ వెళ్తుంది. సోమయాజులు గారు కొత్త హెల్మెట్టు పెట్టుకుని వచ్చారు. బ్లాకు నేల వదిలింది, మనిషెత్తు దాటింది, ఇద్దరు మనుషులెత్తు దాటింది. నా తెర మీద గీత పచ్చగా, నిలకడగా ఉంది. అన్నయ్య తాడు సరిచేయడానికి సముద్రం వైపు నడిచాడు. ఆ నడకలో ఏ తడబాటూ లేదు. తన చేతికి ఏమీ తెలియలేదు కదా.

నాలుగో మూలన, రోపు తగిలించడానికి బ్లాకుకి వెల్డింగు చేసిన ఇనప చెవి చిరిగింది. ఆ మూల ఒరిగిపోయి, బ్లాకు తిరిగి, దాని అంచు వచ్చి అన్నయ్య కుడికాలి మీద పడింది.

ఆ రోజు జట్టు మూడు నెలల తర్వాత మొదటిసారి అరిచింది. గవర్రాజు పైనుంచి, తాళ్లవాళ్లు పక్కలనుంచి, సన్యాసమ్మ అందరికన్నా గట్టిగా. ఆ అరుపులతోనే ఒకరికొకరు చెప్పుకుంటూ బ్లాకుని జానెడు ఎత్తి ఆయన్ని బయటికి లాగారు. ప్రాణం దక్కింది. మోకాలి కిందనుంచి కాలు తీసేశారు.

మర్నాడు ఆసుపత్రి వరండాలో సన్యాసమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. చేతికి పట్టీ ఉండే చోటు రుద్దుకుంది. తర్వాత తనే చెప్పింది. బ్లాకు నేల వదిలినప్పటినుంచీ ఆ చెవి దగ్గర టక్కు టక్కుమని చప్పుడు విందట. గుండె దడదడలాడిందట. పట్టీ బిగుస్తుందేమోనని చేతికేసి చూసుకుందట.

"బిగియనేదమ్మా. వొదులుగానే ఉండిపోయినాది. ఇంతమందికి నేని అనుమానం నాకేటి, నాకే తెలీదు కాబోలు అనుకున్నాను. అరవకూడదని గోడ మీద రాసినారు గదా."

ఆ గోడ మీద రాసింది ఎవరో ఆమెకి తెలుసు. అయినా ఆ మాటలో నిష్ఠూరం లేదు. అది ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ప్రయోగశాలకి వెళ్లి, నేను దాచిన తొమ్మిది గీతల్నీ విడివిడిగా తీశాను. ఎనిమిది గీతలు చెరువు నీళ్లలా ఉన్నాయి. తొమ్మిదోది బ్లాకు లేచిన మూడో క్షణానికే పైకి ఎగబాకి, కొలబద్ద చివర తగిలి, ప్రమాదం జరిగేదాకా నలభై ఒక్క క్షణాలు అక్కడే ఉంది. ఆమె ఒంట్లో ప్రతి నరమూ ఆగు అని చెప్పింది. పట్టీ విన్నది. విని, నేను రాసిన లైను ప్రకారం సున్నాకి దగ్గరగా దించేసింది. అంతటితో ఆగలేదు. జట్టులో ఎవరికీ అనుమానం లేదని తిరిగి ఆమెకే చెప్పింది. నోరు లేనివాళ్లకి నోరు ఇద్దామని చేసిన యంత్రం, నోరున్న మనిషి నోరు నొక్కింది. కుర్చీలో కూర్చుని కాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని ఆ తొమ్మిది గీతల్నీ అచ్చు తీశాను.

విచారణ నివేదిక ముసాయిదా అప్పటికే తయారైంది. చప్పుడు విన్నానని సన్యాసమ్మ ఎవరూ అడక్కుండానే ఒప్పుకుంది కదా, అదే ఆమె మెడకి చుట్టుకుంది. నాలుగో మూల కార్మికురాలు ప్రమాద సూచన గమనించి కూడా హెచ్చరించలేదు, ప్రొబేషన్‌లో ఉన్నందున తొలగించవచ్చు అని రాశారు. సోమయాజులు గారు నా ముందు ఒక కాగితం పెట్టారు. పట్టీ తన రూపకల్పన ప్రకారమే పనిచేసిందని నిపుణురాలిగా నేను సంతకం పెట్టాలి. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే నాకు భయం వేసింది. ఆయన చెడ్డవాడు కాదు. ఈ పట్టీ నిలబడకపోతే మన విభాగమే ఉండదు, పదకొండుమంది రోడ్డున పడతారు, ఆలోచించమ్మా అన్నారు. ఆలోచిస్తానని కాగితం తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను.

అన్నయ్యకి గీతలు చూపించి అన్నీ చెప్పాను. ఆయన తొమ్మిదో గీత మీద వేలు పెట్టాడు.

"ఆ వొంతులు అడిగినోన్ని నానే గదే," అన్నాడు.

రాసింది నేను అన్నాను. ఒకళ్లనొకళ్లం ఓదార్చుకోలేదు. ఆ సమయంలో ఓదార్పు అన్యాయంగా ఉండేది. ఆయన దుప్పటి కింద లేని కాలి వైపు చూసి, తల తిప్పుకుని, విచారణ ఏ రోజని అడిగాడు. ఇంకో పది రోజుల్లో, సోమవారం అన్నాను. తోపుడు కుర్చీ ఒకటి చూడమన్నాడు. సంతకం మాట ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. జట్టులో ఒక్కొక్కరినీ రమ్మని కబురు పెట్టమని మాత్రం వదినకి చెప్పాడు. ఇద్దరు ముగ్గురు చొప్పున వచ్చారు. తలుపు దగ్గరికి వేసుకుని నోటితో మాట్లాడుకున్నారు.

ఆ సోమవారం యార్డు సమావేశం గదిలో పరాంకుశం గారు బల్ల మధ్యలో కూర్చున్నారు. ముందున్న కాగితం మీద జట్టు పేర్లు సీనియారిటీ వరసలో ఉన్నాయి. మొదటి పేరు పిలిచారు. అన్నయ్య తోపుడు కుర్చీలోనే నమస్కారం పెట్టాడు.

"మా జట్టులో పలుకు కొత్తోల కాణ్నుంచి మొదలవుతాది సార్. సన్యాసమ్మ సెప్పినాక, నా వరస వొచ్చినప్పుడు నాను సెప్తాను."

ఇది లిఫ్టు కాదు, విచారణ అని పరాంకుశం గారు చిరాకుపడ్డారు. రెండో పేరు పిలిచారు. గవర్రాజు లేచి, తన వరస ఇంకా రాలేదని చెప్పి కూర్చున్నాడు. మూడో పేరు, నాలుగో పేరు. ఒక్కొక్కరూ లేచి అదే మాట చెప్పి కూర్చున్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. మనిషి మనిషికీ గది బిగుసుకుంటోంది. ఏ చేతికీ పట్టీ లేదు. తొమ్మిదో పేరు దాకా వచ్చేసరికి పరాంకుశం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, సరే, చెప్పమ్మా అన్నారు.

సన్యాసమ్మ లేచి నిలబడింది. చెంగు చుట్టూ తిప్పి నడుముకి బిగించుకుంది. విన్న చప్పుడు చెప్పింది, దడ చెప్పింది, చేతికేసి చూసుకున్నది చెప్పింది. అరిచి ఉండాల్సిందని, అరవనందుకు బతికినన్నాళ్లూ బాధపడతానని చెప్పింది. తప్పంతా తనదే అని మాత్రం అనలేదు. అలా అనకూడదని వాళ్లు ఆసుపత్రి గదిలో ముందే అనుకున్నారని తర్వాత తెలిసింది.

తర్వాత నేను లేచాను. నా వరస ఎక్కడో నాకే తెలియదు, ఆ జట్టుకి నేనూ కొత్తే అనుకున్నాను. సోమయాజులు గారి కాగితం సంతకం లేకుండా ఆయన ముందే పెట్టేశాను. తొమ్మిది గీతలు బల్ల మీద పరిచాను. ఈమె నలభై ఒక్క క్షణాలపాటు హెచ్చరించింది, మీలో ఎవరికీ వినపడకుండా చేసింది నేను రాసిన ఒక్క లైను అని చెప్పాను. ఆ లైను చదివి వినిపించాను. అది ఎవరు అడిగారని పరాంకుశం గారు అడిగారు. నేను నోరు తెరిచేలోగా అన్నయ్య చెయ్యెత్తాడు. ఆయన వరస ఇంకా రాలేదు. అయినా ఎవరూ అడ్డు చెప్పలేదు.

నివేదిక తిరగరాశారు. సన్యాసమ్మ ఉద్యోగం నిలిచింది. జట్టుపట్టీలు అట్టపెట్టెలోకి వెళ్లాయి. మా విభాగం ఎత్తేశారు. పదకొండుమందిని తలో చోటికి సర్దారు, ఇద్దరికి చోటు దొరకలేదు. వాళ్లలో ఒకావిడ నాతో ఇప్పటికీ మాట్లాడదు. ఆవిడ కోపం న్యాయమే. నన్ను తూకం యంత్రాలు సరిచూసే గదికి మార్చారు. సోమయాజులు గారు వెళ్లిపోయే రోజున నా బల్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడి, ఆ నీళ్ల బిందె ఉంచుకోమ్మా అని చెప్పి వెళ్లారు.

నేను పని మానలేదు. ఈసారి ముందు యంత్రం చేసి వాళ్ల దగ్గరికి పట్టుకెళ్లలేదు. ఏడు నెలలపాటు ప్రతి శనివారం యార్డు క్యాంటీనులో జట్టుతో కూర్చున్నాను. మొదట సన్యాసమ్మని అడిగేదాన్ని, చివర అన్నయ్యని. వాళ్లు అడిగింది చాలా చిన్న యంత్రం. క్రేను గదిలో గవర్రాజు మీట పక్కన సబ్బుపెట్టెంత డబ్బా. తొమ్మిది గొంతుల్నీ గుర్తుపడుతుంది, అంతే. కొత్తవాళ్లతో మొదలుపెట్టి మేస్త్రీ దాకా తొమ్మిది నోళ్లూ ఎత్తు అంటేగానీ మీట కదలదు. ఏ నోరు ఆగు అన్నా, ఎప్పుడన్నా, మీట బిగుసుకుపోతుంది. అది ఎవరి మనసులోకీ తొంగిచూడదు. మనుషుల చేత మాట్లాడిస్తుంది. ఇంత చదువు చదివి చివరికి ఇదా చేశావని వదిన వెక్కిరించింది. అవును వదినా అన్నాను. ఇంట్లో అన్నయ్య ఉప్పు అడిగి వేయించుకుంటున్నాడని కూడా అప్పుడే చెప్పింది.

డబ్బా పెట్టిన తర్వాత మొదటి పెద్ద లిఫ్టు ఆ ఏడాది ఓడకి ఆఖరి బ్లాకు. ఓడ కొన్నవాళ్లు వచ్చి గుడారం కింద కుర్చీల్లో కూర్చున్నారు. పరాంకుశం గారు గడియారం చూసుకుంటున్నారు. అన్నయ్య కట్టుడు కాలితో, చేతికర్రతో మధ్యలో నిలబడ్డాడు. మేస్త్రీగా ఆ రోజే తిరిగి చేరాడు. నిలబడగలవా అని నేను అడగలేదు. ఆయన గొంతెత్తాడు.

"సన్యాసమ్మా!"

ఆమె నాలుగో మూలన తల పైకెత్తి రోపు చూసింది, ఇనప చెవి చూసింది.

"ఆగు," అంది.

పైన గవర్రాజు డబ్బాలో ఎర్రదీపం వెలిగింది. గుడారం కింద ఎవరో ఏమైందని అడిగారు. పరాంకుశం గారు కూడా ఒక అడుగు ముందుకేసి, మళ్లీ అక్కడే నిలబడిపోయారు. అన్నయ్య కర్ర ఆనించుకుని నాలుగో మూల వైపు నడవడం మొదలుపెట్టాడు. మామూలు మనిషికి అది అరనిమిషం నడక. ఇసుక, పట్టాలు, కేబుళ్లు దాటుకుంటూ ఆయనకి అయిదు నిమిషాలు పట్టింది. రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఎవరూ చెయ్యి అందించలేదు, అందిస్తే పుచ్చుకోడని జట్టుకి తెలుసు. వెళ్లి, చెవి చుట్టూ వెల్డింగుని వేలితో తడిమాడు. కర్రతో రెండుసార్లు తట్టి తన చెవి ఆనించి విన్నాడు. రోపుని ఆ చెవికి బిగించే ఇనప కొక్కెం, షాకిలు, తిప్పి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు.

ఏం కనపడిందని మెల్లగా అడిగాడు.

"ఏటీ నేదు మేస్త్రీ గారూ. ఎందుకో ఇంకోపాలి సూత్తే బాగుండుననిపించినాది."

ఆయన తల ఊపాడు. మంచిపని చేసినావని అన్నాడు. కర్ర తిప్పుకుని మళ్లీ అయిదు నిమిషాలు నడిచి మధ్యలోకి వచ్చాడు. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. నిలదొక్కుకుని, ఊపిరి కూడదీసుకుని, హార్బరు రోడ్డు దాకా వినిపించే గొంతుతో మళ్లీ మొదటినుంచి పిలిచాడు.

"సన్యాసమ్మా!"

ఆమె ఇంకోసారి పైకి చూసింది. రోపు కొసనుంచి కొస దాకా చూసింది. మేమెవరమూ తొందరపెట్టలేదు.